క్రిస్మస్ సెలవుల్లో అరిజోనా, న్యూ మెక్సికో కారులో చుట్టిరావడం ఎలా: చూపుల సంగతి, తిండి సంగతి

ముందు భోజనాల సంగతి తేల్చుకోండి, కాన్యన్లు (లోతైన రాతి లోయలు) ఎక్కడికీ పోవు. మూడుసార్లు వెళ్ళొచ్చాక ధైర్యంగా చెబుతున్న మాట ఇది. మొదటిసారి వెళ్ళినప్పుడు చూడాల్సిన చోట్లన్నీ ఎక్సెల్ షీట్‌లో గంటల లెక్కన రాసుకున్నాం. తిండి దగ్గరికొచ్చేసరికి "దారిలో ఏదో ఒకటి దొరక్కపోదులే" అనుకున్నాం. అరిజోనాలో పేజ్ అనే ఊరి నుంచి కయెంటా అనే ఊరికి వెళ్ళే రోడ్డు మీద రాత్రి ఏడున్నరకి, ముందూ వెనకా ఒక్క దీపం లేని చీకట్లో, మా అమ్మ చేగోడీల పాకెట్ అడుగున మిగిలిన నలుసుల్ని మనవడి అరచేతిలో పోయడం అద్దంలో చూశాను. ఆ తర్వాత ఆ షీట్ మళ్ళీ తెరవలేదు.

ఇక్కడ చెప్పే దారి ఫీనిక్స్‌లో మొదలై గ్రాండ్ కాన్యన్, పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ (ఎర్ర రాతి దిబ్బల లోయ), శాంటా ఫే, వైట్ శాండ్స్ (తెల్ల ఇసుక దిబ్బలు), టూసాన్ మీదుగా తిరిగి ఫీనిక్స్ చేరుతుంది. మొత్తం 1,500 మైళ్ళు దాటుతుంది, పది రోజులు పడుతుంది. చాండ్లర్ వైపు ఉండే మనవాళ్ళకి ఇంటి ముందు నుంచే దారి. డాలస్ నుంచో బే ఏరియా నుంచో వచ్చేవాళ్ళు ఫీనిక్స్‌లో దిగి కారు అద్దెకు తీసుకోవచ్చు. వారం రోజులే సెలవు దొరికితే న్యూ మెక్సికో వదిలేసి అరిజోనా ఒక్కటే చూడండి. రెండూ వారంలో కుక్కితే మిగిలేది నడుంనొప్పే.

24వ తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టండి

డిసెంబరు 24 సాయంత్రానికి శాంటా ఫేలో ఉండాలి. ఈ ప్రయాణంలో కదపకూడని తేదీ అదొక్కటే, కారణం కింద చెబుతాను. దాన్నిబట్టి 19న ఫీనిక్స్‌లో బయల్దేరి 19, 20 రాత్రులు గ్రాండ్ కాన్యన్ దగ్గర ఉండండి. 21న పేజ్. 22 పొద్దున యాంటెలోప్ కాన్యన్ అనే సన్నటి రాతి సందు చూసుకుని రాత్రికి కయెంటా లేదా మాన్యుమెంట్ వ్యాలీ. 23 రాత్రి ఫార్మింగ్టన్, 24 మధ్యాహ్నానికి శాంటా ఫే. 25న ఎక్కడికీ కదలకండి. 26న వైట్ శాండ్స్ చూసుకుని లాస్ క్రూసెస్‌లో పడక, 27న టూసాన్, 28న ఇల్లు.

గదులు అక్టోబరులోపే బుక్ చేసుకోండి. పేజ్, కయెంటాల్లో ఉన్నవే కొన్ని హోటళ్ళు. యాంటెలోప్ కాన్యన్ టికెట్లూ అంతే. మిగతావి ఆఖర్న చూసుకున్నా నడుస్తుంది.

రోజుని సూర్యుడితో కొలవండి

డిసెంబరులో గ్రాండ్ కాన్యన్ దగ్గర పొద్దుగూకేది సుమారు ఐదుంపావుకి, తెల్లారేది ఏడున్నర దాటాక. అంటే పది గంటలు కూడా వెలుగుండదు. డ్రైవింగంతా ఆ వెలుగులోనే పెట్టుకోండి. మసక చీకట్లో ఎల్క్ అనే గుర్రమంత దుప్పులు రోడ్డు మీదికొస్తాయి. నవాహో అనే ఆదివాసుల ప్రాంతంలో కంచెల్లేని చోట్ల ఆవులు, గుర్రాలు తిరుగుతుంటాయి. మన హైవేల మీద గేదెల్ని తప్పించి నడిపిన అనుభవం ఇక్కడ పనికిరాదు, ఇక్కడ బండి వేగం 65 మైళ్ళు.

రోజుకో పద్ధతి పెట్టుకుంటే సుఖం. ఏడింటికి కడుపు నిండా టిఫిన్. పన్నెండున్నర లోపు అసలు భోజనం, అది కూర్చుని తినేది. రాత్రికి గదిలో తేలిగ్గా ఏదో ఒకటి. చిన్న ఊళ్ళలో హోటళ్ళు ఎనిమిదింటికే కట్టేస్తాయి, సెలవుల్లో ఇంకా ముందే. కాబట్టి రాత్రి భోజనానికి బయటి హోటల్ మీద ఆధారపడకండి.

టైము తేడాల గురించి కంగారు అక్కర్లేదు. అరిజోనాలో వేసవికి గడియారం గంట ముందుకి మార్చరు, అదే రాష్ట్రంలో ఉన్న నవాహో నేషన్‌లో మారుస్తారు. అందువల్ల వేసవిలో వచ్చినవాళ్ళు టూర్ టైములు తప్పిపోతుంటారు. చలికాలంలో అరిజోనా, నవాహో, న్యూ మెక్సికో అన్నిచోట్లా ఒకటే టైము.

కాగితాలు, పాసులు, సామాను

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళయినా, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలయినా అందరి అసలు పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఐ-94 (దేశంలోకి వచ్చిన తేదీ, ఉండే గడువు చూపే రికార్డు) ప్రింట్లు, గ్రీన్ కార్డుంటే అదీ కారులో ఉండాలి. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. వైట్ శాండ్స్ నుంచి లాస్ క్రూసెస్ వెళ్ళే యూఎస్-70 హైవే మీద బోర్డర్ ప్యాట్రోల్ (సరిహద్దు పోలీసుల) చెక్‌పోస్టు ఉంది. మీరు దేశం దాటకపోయినా ఆపి అడుగుతారు. చూపిస్తే అర నిమిషంలో పంపేస్తారు. ఇంట్లో బీరువాలో భద్రంగా ఉన్నాయంటే మాత్రం అక్కడ చెల్లదు.

నేషనల్ పార్కుల వార్షిక పాసు తీసుకుంటే గ్రాండ్ కాన్యన్, వైట్ శాండ్స్, సగువారో మూడింటికీ సరిపోతుంది. 2026 జనవరి 1 నుంచి దీని లెక్క మారింది. అమెరికాలో నివసించేవాళ్ళకి 80 డాలర్లు, బయటి దేశాలవాళ్ళకి 250. పాసు లేని విదేశీ సందర్శకుల దగ్గర గ్రాండ్ కాన్యన్ సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనంగా తీసుకుంటారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మీ కారులో ఉంటే వాళ్ళకి ఏది వర్తిస్తుందో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. గేటు దగ్గర క్యూలో నిలబడి లెక్కలేసుకునే పని ఉండదు.

యాంటెలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీలు నవాహో వాళ్ళవి, ఆ పాసు అక్కడ చెల్లదు. హార్స్‌షూ బెండ్ (నది గుర్రపు నాడాలా వంపు తిరిగే చోటు) పార్కింగ్ పేజ్ ఊరివాళ్ళది, అక్కడా చెల్లదు.

ఇక చలి. ఫీనిక్స్‌లో స్వెట్టర్ చాలు కదా అని గ్రాండ్ కాన్యన్ దారిలో ఉండే ఫ్లాగ్‌స్టాఫ్‌కీ అలాగే వెళ్ళకండి. ఫ్లాగ్‌స్టాఫ్, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), శాంటా ఫే మూడూ దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంటాయి. రాత్రి సున్నాకి ఏడెనిమిది డిగ్రీలు కిందికి పోతుంది. బూట్లకి తొడిగే ఇనప ముళ్ళ పట్టీలు మనిషికో జత కొనండి. వ్యూ పాయింట్ల దగ్గర మంచు గడ్డకట్టి గాజులా ఉంటుంది, పెద్దవాళ్ళకి అవి లేకపోతే అడుగు పడదు. మంచు ఎక్కువ కురిస్తే ఐ-17, ఐ-40 హైవేలు మూసేయడం మామూలే, పొద్దున్నే రోడ్ల సమాచారం చూసుకోండి. మ్యాపులు ఫోన్‌లోకి ముందే దించుకోండి, సిగ్నల్ గంటలకొద్దీ ఉండదు. ట్యాంకు సగానికి దిగితే పెట్రోలు కొట్టించాల్సిందే. గ్రాండ్ కాన్యన్ విలేజ్‌లో బంకు లేదు, గేటు బయట టుసయాన్‌లోనే పని చూసుకోండి.

తిండి పెట్టె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి చపాతీలు, వంకాయ వేపుడు. కూలర్‌లో పెరుగు. కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి. రైస్ కుక్కర్ కూడా పట్టుకెళ్తాం అంటారు చాలామంది. మేమూ పట్టుకెళ్ళాం. అంత ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇంట్లో కొలత ప్రకారం పోసి పెడితే కుక్కర్ టక్కుమని ఆగిపోయింది, మూత తీస్తే మెతుకు మధ్యలో పలుకు. "ఇదేం బియ్యంరా" అని మా అమ్మ నన్నే తిట్టింది. బియ్యం అరగంట నానబెట్టి, అర కప్పు నీళ్ళు ఎక్కువ పోస్తే కుదురుతుంది. పైగా గదిలో వంట ఒప్పుకోని హోటళ్ళే ఎక్కువ, పొగ గంట మోగితే పరువు పోతుంది. అందుకని తర్వాతి రెండుసార్లూ మైక్రోవేవ్‌లో 90 సెకన్లలో అయ్యే అన్నం పాకెట్లు పట్టుకెళ్ళాం. వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలిపితే కాన్యన్ చలికి అంతకన్నా ఏం కావాలి! గది బుక్ చేసేటప్పుడే మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్నాయో లేదో అడగండి.

శాకాహారులు గుర్తుపెట్టుకోవాల్సిన రెండు మాటలు

ఈ ప్రాంతం వంట అంటే బీన్స్, మొక్కజొన్న, గుమ్మడి, మిరపకాయ. వింటే మన పొలం గట్టు మీద పండేవే అనిపిస్తాయి. కానీ పైకి కనపడని చోట మాంసం ఉంటుంది. ఒకటి లార్డ్, అంటే పంది కొవ్వు, స్పానిష్‌లో మాంతేకా. మెదిపి వేయించిన బీన్స్‌లోనూ, తమాలేల (ఆవిరి మీద ఉడికించే మొక్కజొన్న ముద్దల) పిండిలోనూ, చాలాచోట్ల గోధుమ టోర్టియాల్లోనూ (పల్చటి రొట్టెల్లోనూ) అది వేస్తారు. రెండోది చికెన్ ఉడికించిన నీళ్ళు, కాల్దో దే పోయో. ఎర్రగా కనపడే మెక్సికన్ అన్నం చాలాచోట్ల ఆ నీళ్ళతోనే వండుతారు.

"వెజిటేరియనా?" అని అడిగితే "అవును, మాంసం లేదు" అంటారు. వాళ్ళు అబద్ధమాడడం లేదు, వాళ్ళ దృష్టిలో కొవ్వు మాంసం కాదు. ఒక చిన్న ఊళ్ళో మా నాన్న రెండు ప్లేట్ల బీన్స్ లొట్టలేసుకుంటూ తిన్నాక, వీటికి ఈ రుచి ఎలా వస్తుందని మా ఆవిడ అడిగింది. వడ్డించినామె సంబరంగా "లార్డ్!" అంది. నాన్నకి ఆ మాట అర్థం కాలేదు, మేమూ అర్థం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. మీరు మాత్రం ముందే అడగండి: "బీన్స్‌లో లార్డ్ ఉందా? అన్నం చికెన్ బ్రాత్‌తో వండారా? చిలీ సాస్‌లో మాంసం ఉందా?" ఈ మూడు ప్రశ్నలు చాలు. విడిగా ఉడికించిన బీన్స్ అడిగితే లార్డ్ లేనివి కొన్నిచోట్ల దొరుకుతాయి.

ఏమీ కుదరని రోజున చిపోట్లే అనే మెక్సికన్ చెయిన్ హోటల్లో అన్నం, రెండు రకాల బీన్స్ మాంసం, కొవ్వు లేకుండానే వండుతారు. ఐ-40 పొడవునా లారీలు ఆగే చోట్ల పంజాబీ ధాబాలు కూడా తగులుతుంటాయి. రోటీ, పప్పు వేడివేడిగా పెడతారు. ట్రక్కు డ్రైవర్ల మధ్య కూర్చుని తింటే ఏ విజయవాడ హైవేలోనో ఉన్నట్టుంటుంది. అయితే ప్రతి పూటా ఇండియన్ హోటల్ వెతుక్కుంటూ యాభై మైళ్ళు పక్కకి పోవద్దు. ఇక్కడి నేలలో పండింది ఇక్కడే తినాలి.

గ్రాండ్ కాన్యన్: రెండు రాత్రులు, తొందరపడకుండా

నార్త్ రిమ్ చలికాలంలో మూసేస్తారు, మనం వెళ్ళేది సౌత్ రిమ్. డిసెంబరులో వెళ్ళేవాళ్ళకి ఇక్కడొక లాభముంది. హెర్మిట్ రోడ్డు మీదికి మార్చి నుంచి నవంబరు దాకా సొంత కార్లు రానివ్వరు, బస్సుల్లో వెళ్ళాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మీ కారులోనే వెళ్ళొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని కారులో కూర్చోబెట్టుకుని ఒక్కో వ్యూ పాయింట్ దగ్గరా దించి, పది నిమిషాలు చూపించి మళ్ళీ వెచ్చగా ఎక్కించుకోవచ్చు.

మొదటి సాయంత్రం నాలుగున్నరకల్లా హోపీ పాయింట్ చేరండి. పొద్దుగూకేటప్పుడు రాళ్ళు పసుపు నుంచి ఇటుక రంగుకి, తర్వాత ఊదాకి మారతాయి. మర్నాడు తెల్లవారుజామున మాదర్ పాయింట్. ఫ్లాస్కులో కాఫీ మర్చిపోకండి, ఆ వేళకి ఏదీ తెరవరు. కాన్యన్ పొడవు 277 మైళ్ళు, లోతు సుమారు ఒక మైలు. ఇవి చెప్పినా ఎవరికీ ఎక్కవు. "మన గండికోట లాగానే ఉందిరా" అన్నాడు మా నాన్న మొదటి చూపుకి. పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "గండికోటని ఇందులో ఎక్కడ పెట్టినా కనపడదు" అన్నాడు.

పెద్దవాళ్ళకి చూపించాల్సింది ఇంకోటి ఉంది. లోయ మధ్యలో గోపురాల్లా నిలబడ్డ శిఖరాలకి విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు. రామ ష్రైన్, కృష్ణ ష్రైన్ కూడా ఉన్నాయి. 1880ల్లో ఈ లోయని సర్వే చేసిన క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు దేశాల దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. లోయ అడుగున ఉండే నల్లటి పురాతన శిలకీ విష్ణు శిస్ట్ అనే పేరు, దాని వయసు 170 కోట్ల ఏళ్ళకి పైనే. యావపై పాయింట్‌లో ఉన్న చిన్న మ్యూజియం కిటికీ ముందు నిలబడితే ఏ శిఖరం ఏదో పలకల మీద రాసి ఉంటుంది. పేర్లు చదివి "దర్శనం ఎన్నింటికి?" అని మా అమ్మ అడిగింది, తమాషాకేలెండి.

తినడానికి మాస్విక్ లాడ్జ్‌లో ఫుడ్ కోర్టు ఉంది, పిల్లలతో ఉన్నవాళ్ళకి అదే నయం. 1905లో కట్టిన ఎల్ తోవార్ హోటల్లో ఒక్కపూటయినా కూర్చోవాలనుంటే రాత్రి భోజనం మానేసి టిఫిన్‌కి వెళ్ళండి. సందడి తక్కువ, ఖర్చు తక్కువ, పైగా కోడిగుడ్డు తినేవాళ్ళకీ తిననివాళ్ళకీ ఏదో ఒకటి దొరుకుతుంది. పార్కులోనే ఉన్న జనరల్ స్టోర్‌లో పాలు, పెరుగు, బ్రెడ్, పళ్ళు కొనుక్కోవచ్చు.

కామెరాన్‌లో ఫ్రై బ్రెడ్

21న పొద్దున తూర్పు వైపు డెజర్ట్ వ్యూ రోడ్డు పట్టుకోండి. చివర్న రాతి బురుజు ఒకటి ఉంటుంది, మేరీ కోల్టర్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసింది, 1932 నాటిది. అది చూసుకుని ముప్పై మైళ్ళు కిందికి దిగితే కామెరాన్. అక్కడ 1916 నుంచి నడుస్తున్న ట్రేడింగ్ పోస్టులో (పాతకాలపు అంగడిలో) మధ్యాహ్న భోజనం చేయండి. ఇది నవాహో నేల.

నవాహో టాకో అడిగితే పళ్ళెమంత పూరీ వస్తుంది, దాని మీద బీన్స్, తురిమిన చీజ్, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిరప. ఆ పూరీయే ఫ్రై బ్రెడ్. మైదాపిండిని బేకింగ్ పౌడర్‌తో కలిపి, అరచేతుల మధ్య తట్టి, నూనెలో వేస్తారు. మన పూరీలా బోలుగా ఉండదు, బటూరాలా దట్టంగా, అంచుల్లో కరకరలాడుతూ మధ్యలో మెత్తగా ఉంటుంది. మాంసం లేకుండా ఇమ్మని చెప్పండి, బీన్స్ గురించీ, వేయించే నూనె గురించీ పైన చెప్పిన ప్రశ్నలు అడగండి. ఒకటి తెప్పిస్తే ఇద్దరికి సరిపోతుంది. మేము నలుగురికి నాలుగు చెప్పాం, మూడు డబ్బాల్లో కట్టించుకున్నాం. చల్లారాక అది తోలు చెప్పులా సాగుతుంది, కాబట్టి అక్కడే వేడిగా తినేయండి. ఉత్త ఫ్రై బ్రెడ్ మీద తేనె పోసుకుని తినడం పిల్లలకి నచ్చుతుంది.

దీని వెనక కథ తెలుసుకుని తింటే బాగుంటుంది. 1864లో అమెరికా సైన్యం నవాహోలని సొంత నేల నుంచి వెళ్ళగొట్టి 300 మైళ్ళ పైచిలుకు నడిపించి న్యూ మెక్సికోలోని బోస్కే రెడోండో శిబిరంలో పెట్టింది. అక్కడ మొక్కజొన్న పండలేదు. రేషన్‌గా ఇచ్చిన మైదా, ఉప్పు, కొవ్వుతో చేసుకున్నదే ఈ రొట్టె. 1868లో ఒప్పందం కుదిరి తిరిగొచ్చారు, రొట్టె వాళ్ళతోపాటు వచ్చింది.

నవాహో నేషన్‌లో మద్యం అమ్మడం, తాగడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. కారు డిక్కీలో సీసాలుంటే ముందే వదిలించుకోండి. మనుషుల ఫోటోలు అడగకుండా తీయకండి. రోడ్డు పక్క బల్లల మీద వెండి, టర్కాయిస్ అనే నీలిరంగు రాళ్ళ నగలు అమ్ముతుంటారు. చేసినవాళ్ళే అమ్ముతారు గనక కొనేదేదో అక్కడ కొనండి, గీచి గీచి బేరమాడకండి.

పేజ్, యాంటెలోప్, మాన్యుమెంట్ వ్యాలీ

హార్స్‌షూ బెండ్‌కి పోనూ రానూ ఒకటిన్నర మైలు నడక. కొలరాడో నది గుర్రపు నాడా ఆకారంలో వంపు తిరుగుతుంది, 1,000 అడుగుల కింద. అంచుకి రెయిలింగు కొంతమేరే ఉంది. పిల్లల చెయ్యి వదలొద్దు.

యాంటెలోప్ కాన్యన్‌లోకి నవాహో గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. కొండల మీద ఎక్కడో పడ్డ వాన ఈ సందుల్లోకి ఉప్పెనలా వస్తుంది. 1997 ఆగస్టులో అలాంటి వరదలో 11 మంది పోయారు, గైడు చెప్పినట్టు వినండి. అప్పర్, లోయర్ అని రెండున్నాయి. లోయర్‌లో నిటారు ఇనప నిచ్చెనలు దిగాలి, కాబట్టి పెద్దవాళ్ళతో అయితే అప్పర్. ఫోటోల్లో కనపడే వెలుగు స్తంభాలు డిసెంబరులో పడవు. దాని కోసమే వెళ్ళి నిరాశపడొద్దు. గోడల మీద ఊదా, నారింజ రంగులు మాత్రం ఈ కాలంలోనూ బాగుంటాయి, జనం కూడా తక్కువ. బ్యాగులు లోపలికి రానివ్వరు.

అక్కడినుంచి కయెంటా మీదుగా మాన్యుమెంట్ వ్యాలీ రెండు గంటలు. పేజ్‌లోనే భోంచేసి, రాత్రికి కావాల్సింది సూపర్ మార్కెట్లో కొనేసుకుని కదలండి. నా చేగోడీల అనుభవం ఈ ముక్కలోనే. లోయలో 17 మైళ్ళ మట్టిరోడ్డు ఉంటుంది, వానో మంచో పడితే చిన్న కార్లకి కష్టం, నవాహో జీపు టూరు ఎక్కండి. చలికాలంలో వేళలు తక్కువ, 23 పొద్దున్నే వెళ్ళండి. నాలుగు రాష్ట్రాలు కలిసే ఫోర్ కార్నర్స్ దారి పక్కనే ఉంది. నాలుగు రాష్ట్రాల్లో నాలుగు కాళ్ళూ చేతులూ పెట్టి ఫోటో దిగడం తప్ప అక్కడేమీ లేదు. పిల్లలు గోల చేస్తే ఆగండి, లేకపోతే పోనివ్వండి.

శాంటా ఫే: "రెడ్ ఆర్ గ్రీన్?"

మట్టి, గడ్డి కలిపి ఎండబెట్టిన ఇటుకలతో కట్టిన ఊరు ఇది. 1610లో వెలిసింది. గుమ్మాలకి ఎండుమిరపకాయల దండలు వేలాడుతుంటాయి, వాటిని రిస్త్రా అంటారు. మామిడాకు తోరణం బదులు మిరపకాయల తోరణం కట్టినట్టు. గుంటూరువాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. నిజానికి మిరపకాయ మనకి వచ్చిందే ఈ ఖండాల నుంచి, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో.

హోటల్లో ఏం చెప్పినా వడ్డించేవాళ్ళు "రెడ్ ఆర్ గ్రీన్?" అంటారు. ఎర్ర మిరప సాసా, పచ్చి మిరప సాసా అని. అది న్యూ మెక్సికో రాష్ట్రం అధికారికంగా ప్రకటించుకున్న ప్రశ్న, నవ్వులాట కాదు. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనండి. ఎరుపు ఎండుమిరపకాయల్ని నానబెట్టి రుబ్బింది, కాస్త మట్టి వాసనతో చిక్కగా ఉంటుంది. పచ్చది నిప్పుల మీద కాల్చి తొక్క తీసిన మిరపకాయలది, మన కాల్చిన వంకాయ పచ్చడి వాసన వస్తుంది. కారం మన లెక్కలో తక్కువే. మా అమ్మ రెండు చెంచాలు తిని "రంగుంది, రుచుంది, కారమే లేదు" అని తీర్పిచ్చింది. రెండు సాసుల్లోనూ చాలాచోట్ల మాంసం పడుతుంది, అడక్కుండా "క్రిస్మస్" అనేయకండి.

చీజ్ ఎంచిలాడాలు (చీజ్ చుట్టి సాసు పోసిన రొట్టెలు) నీలి మొక్కజొన్న టోర్టియాలతో అడగండి. చిలీ రెయ్యేనో మన మిరపకాయ బజ్జీకి పెద్దన్నయ్య, జానెడు మిరపకాయలో చీజ్ కూరి వేయిస్తారు, పూతలో మాత్రం గుడ్డు ఉంటుంది. కాలాబసీతాస్ అంటే గుమ్మడిజాతి కాయ, మొక్కజొన్న గింజలు, పచ్చిమిరప కలిపిన కూర, అన్నంలో కలుపుకోవచ్చు. భోజనంతోపాటు సోపాపియా వస్తుంది. ఉబ్బిన పూరీలాంటిది, మూల తుంచి లోపల తేనె పోసి తినాలి. బిస్కోచీతో అనే సోంపు బిస్కెట్లు రాష్ట్ర బిస్కెట్లు, కానీ లార్డ్‌తో చేస్తారు.

24 సాయంత్రం అసలు వేడుక. కాన్యన్ రోడ్ అనే వీధిలో కార్లు ఆపేస్తారు. కాగితపు సంచుల్లో ఇసుక పోసి, అందులో కొవ్వొత్తి వెలిగించి, మట్టి గోడల మీదా గట్ల మీదా వరసగా పేరుస్తారు. శాంటా ఫేలో వాటిని ఫారోలీతోలు అంటారు, లుమినారియా అంటే ఇక్కడ చలిమంట. అరవై మైళ్ళ అవతల అల్బుకర్కీలో ఆ కాగితపు దీపాలనే లుమినారియాలంటారు, ఇద్దరూ ఆ మాట మీద పోట్లాడుకుంటారు. మన కార్తీక దీపాల వరసలు చూసిన కళ్ళకి కొత్తేం కాదు గానీ, మంచు మీద ఆ పసుపు వెలుగు వేరు. నాలుగున్నరకే భోజనం ముగించి, కారు హోటల్ దగ్గరే వదిలి, నడిచి వెళ్ళండి. చలిమంటల దగ్గర వేడి యాపిల్ రసం దొరుకుతుంది. ఊలు టోపీ లేకుండా వెళితే గంటలో వెనక్కి వచ్చేస్తారు.

25న దాదాపు అన్నీ మూసే ఉంటాయి. 24 మధ్యాహ్నమే సరుకులు కొనుక్కోండి. అన్నం పాకెట్లు, గోంగూర బయటికి తీయాల్సిన రోజు ఇదే. పక్కనున్న ప్యూబ్లోల్లో (ఆదివాసుల పల్లెల్లో) కొన్నిచోట్ల పండగ నాట్యాలు చేస్తారు, అందర్నీ రానిస్తారు. అది ప్రదర్శన కాదు, పూజ. ఫోన్ కారులోనే పెట్టి వెళ్ళండి, చప్పట్లు కొట్టకండి.

తెల్ల ఇసుక, నాగజెముడు, ఇల్లు

26న దక్షిణానికి నాలుగు గంటలు నడిపితే అలమొగోర్డో. దారంతా పెద్దగా ఏమీ లేదు, ఊరికి ముందు పిస్తా తోటలు వస్తాయి. అక్కడే భోంచేయండి, వైట్ శాండ్స్ లోపల హోటలు లేదు. ఈ ఇసుక జిప్సం. మామూలుగా నీటిలో కరిగి నదుల్లో కొట్టుకుపోవాలి, ఈ లోయలో నీళ్ళు బయటికి పోయే దారి లేక ఇక్కడే ఉండిపోయింది. 275 చదరపు మైళ్ళ తెలుపు. పార్కు దుకాణంలో ప్లాస్టిక్ పళ్ళేలు అమ్ముతారు, దిబ్బల మీంచి జారడానికి. మా నాన్న డెబ్భై ఏళ్ళ వయసులో మూడుసార్లు జారాడు. పక్కనున్న క్షిపణి కేంద్రంలో పరీక్షలుంటే యూఎస్-70 కొన్ని గంటలు మూసేస్తారు, పొద్దున్నే చూసుకోండి. పొద్దుగూకాక గేటు వేసేస్తారు. లాస్ క్రూసెస్ వైపు తిరగ్గానే పాస్‌పోర్టులు చేతిలో పెట్టుకోండి.

టూసాన్‌ని 2015లో యునెస్కో ఆహార నగరంగా గుర్తించింది, అమెరికాలో ఆ పేరు మొదట దక్కింది ఈ ఊరికే. వీధుల్లో కనపడే సొనోరన్ హాట్ డాగ్‌కి పంది మాంసం చుట్టి ఉంటుంది, అది తినేవాళ్ళ సంగతి. తిననివాళ్ళకి చీజ్ క్రిస్ప్: రుమాలీ రోటీ అంత పల్చటి పెద్ద టోర్టియాని కరకరలాడేలా కాల్చి మీద చీజ్ కరిగిస్తారు, పచ్చిమిరప చీలికలు వేయించుకోండి. టోర్టియాలో లార్డ్ సంగతి ఇక్కడా అడగాలి. నాగజెముడు పండుతో చేసిన గులాబీ రంగు నిమ్మరసం తాగండి. మన ఊళ్ళో చేలకి కంచెగా వేసే మొక్క, ఇక్కడ దాని ఆకుల్ని ముళ్ళు గీకేసి కూర వండుతారు, నోపాలెస్ అంటారు. బెండకాయలా జిగురు. నాకు నచ్చింది, ఇంట్లో ఇంకెవరికీ నచ్చలేదు.

భోజనమయ్యాక సగువారో పార్కు. నలభై అడుగులు పెరిగే ఆ జెముడు చెట్లకి మొదటి కొమ్మ రావడానికే యాభై ఏళ్ళు దాటుతుంది. సాయంత్రం నాలుగింటికి వెళితే కొమ్మలెత్తిన నీడలు రోడ్డుకి అడ్డంగా పడుంటాయి. అక్కణ్ణించి ఫీనిక్స్ రెండు గంటలు. అద్దె కారయితే తిరిగిచ్చే ముందు మ్యాట్లు తీసి దులపండి, తెల్ల ఇసుక ఎక్కడెక్కడో దూరుతుంది. వెనక సీటు కింద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, మాకు అక్కడ గోంగూర సీసా మూత దొరికింది. సీసా శాంటా ఫేలోనే ఉండిపోయింది.